ఆ నరం ఏ నరం?

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ బల్ల మీద పరుచుకుని చదివాను. దాదాపు ప్రతి ఉత్తరంలోనూ ఒకే మాట కనిపించింది: నరం. “నరాలు లాగుతున్నాయి”, “నరాలు ఉబ్బాయి”, “నరం మూసుకుపోయిందట”, “నరం చచ్చిపోయిందన్నారు”. గుండె నుంచి రక్తాన్ని మోసుకెళ్లే ధమనినీ, తిరిగి గుండెకు తెచ్చే సిరనూ, మెదడు కబుర్లు మోసే నాడినీ, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువునూ మనం ఈ ఒక్క పేరుతోనే పిలుస్తాం. పోనీ ‘నాడి’ అందామా అంటే అదీ చిక్కే. మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నామంటామే, అక్కడ వేలికి తగిలేది ధమని.

మా నాన్న జూట్ మిల్లు కార్మికుడు. లోపల నిప్పు నిషేధం కనుక షిఫ్టు ఎక్కేముందు ఒక చుట్ట, దిగాక ఇంకొక చుట్ట గేటు బయట నిలబడి కాల్చేవారు. నడుస్తుంటే పిక్క పట్టేస్తోందని చూపించుకుంటే నరాల బలహీనత అన్నారు. మూడేళ్లపాటు ఎర్రటి ఇంజెక్షన్లు వేయించుకున్నారు. ఆ ఎర్ర మందు బి12 విటమిన్. నాడులకు మంచిదే, కానీ ఆయన జబ్బు నాడుల్లో లేదు, ధమనిలో ఉంది. నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా మోకాలి కింద కాలు తీసేశారు. విజయనగరంలో రక్తనాళాల సర్జన్‌గా కూర్చున్న ఇన్నేళ్లలో “నరాలండీ” అని ఎవరు వచ్చినా ముందు పాదం మీద వేలు పెట్టి ధమని కొట్టుకుంటోందో లేదో చూస్తాను. ఈ జవాబులు కూడా అలాగే చదవండి.

ప్రశ్న: డాక్టరు గారూ, మా మామగారికి 58 ఏళ్లు. మూడేళ్లుగా పొలానికి వెళ్తుంటే రెండో గట్టు దాటేసరికి కుడి పిక్క పట్టేసేది. కాసేపు నిలబడితే తగ్గిపోయేది. నరాలకు సూదులు వేయించాం. ఇప్పుడు నెల రోజులుగా రాత్రిళ్లు పాదం మంట. కాలు మంచం మీద నుంచి కిందికి వేలాడేస్తేగానీ నిద్ర పట్టడం లేదు. బొటనవేలి చివర నల్లబడింది. షుగరు లేదు. చుట్ట కాలుస్తారు. నరాలు శుభ్రం చేసే సెలైన్ 30 సార్లు ఎక్కిస్తే తగ్గుతుందని ఒకరంటున్నారు. వేలు తీసేయాలని ఇంకొకరంటున్నారు. కొబ్బరితోట అమ్మితే గానీ డబ్బు లేదు. ఏం చేయమంటారు? — నరసన్నపేట దగ్గరి నుంచి ఒక కోడలు

జవాబు: అమ్మా, ముందు చేయవలసింది చెబుతాను. ఈ పత్రిక మీ చేతికి వచ్చిన రోజునే ఆయన్ను జిల్లా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. వచ్చే వారం అనుకోవద్దు. “నడిస్తే పిక్క పట్టేసేది, ఇప్పుడు పడుకున్నా పాదం మంట, వేలు నల్లబడింది” అని ఈ వరుసలోనే చెప్పండి. రక్తనాళాల సర్జన్ ఉన్నచోటికి పంపమని అడగండి. ఈ చికిత్స ప్రభుత్వ ఆరోగ్య పథకంలోకి వస్తుందో లేదో అక్కడి ఆరోగ్యమిత్రతో మాట్లాడకుండా తోటకు బేరం పెట్టవద్దు.

వెళ్లేలోపు వేడినీళ్ల కాపడం వద్దు. రక్తం అందని చర్మానికి కాలిన సంగతి తెలియదు, పుండు పడుతుంది. గోరు కత్తిరించవద్దు. ఆకు పసర్లు కట్టవద్దు, బిగించి కట్టు వేయవద్దు. కాలు ఎత్తులో పెట్టమని ఎవరైనా చెబితే వినవద్దు. ఆయన కాలు కిందికి వేలాడేస్తున్నారంటే కారణం ఉంది. మూసుకుపోతున్న ధమనిలో రక్తాన్ని పాదం దాకా నెట్టే ఒత్తిడి చాలక, భూమి లాగే బలాన్ని సాయం తెచ్చుకుంటున్నారు. మా నాన్న కూడా అలాగే నులకమంచం పట్టె మీద నుంచి కాలు వేలాడేసి, గోడకు ఒరిగి తెల్లవార్లూ కూర్చునేవారు. నడుం నొప్పేమో అనుకున్నాం.

గట్టు దాటగానే పట్టేసి, నిలబడితే వదిలేసే ఆ నొప్పిని మొదట కనిపెట్టింది మనిషిలో కాదు. 1831లో ఫ్రాన్స్‌లో బులే అనే పశువైద్యుడు ఒక గుర్రం కాస్త దూరం పోగానే కుంటడం, నిలిపితే మామూలుగా అయిపోవడం గమనించి, వెనక కాళ్లకు పోయే ధమని పూడిపోయిందని చెప్పాడు. మనుషుల్లోనూ అదే జబ్బని 1858లో షార్కో అనే ఫ్రెంచి వైద్యుడు రాశాడు. నడిచే కండరానికి ఎక్కువ రక్తం కావాలి. ఇరుకైన ధమని అంత ఇవ్వలేదు. నిలబడగానే అవసరం తగ్గుతుంది, నొప్పి పోతుంది. నాడి నొప్పి అయితే ఇంత కచ్చితంగా అదే దూరంలో రాదు, నిలబడినంత మాత్రాన పోదు.

దీన్ని పట్టుకోవడానికి ఖరీదైన స్కాన్ అక్కరలేదు. చేతికి బీపీ చూసినట్లే చీలమండ దగ్గర కూడా, రక్తపు పరుగును చప్పుడుగా వినిపించే డాప్లర్ అనే చిన్న పరికరంతో చూస్తాం. చీలమండ ఒత్తిడిని చేతి ఒత్తిడితో భాగిస్తాం. 0.9 లేదా అంతకంటే తక్కువ వస్తే కాలి ధమనిలో అడ్డు ఉన్నట్లే. చేతిలో 140 ఉండి చీలమండలో 70 ఉంటే 0.5. షుగరు చాలాకాలంగా ఉన్నవారిలో ధమని గోడ సున్నం పట్టి గట్టిపడుతుంది. అప్పుడు అంకె 1.4 దాటి రావచ్చు. అది ఆరోగ్యానికి గుర్తని మోసపోకూడదు.

ఇక వేలు తీసేయడం గురించి. నల్లబడిన వేలిని చివరకు తీయవలసి రావచ్చు. కానీ రక్తం రాకుండా వేలు తీస్తే ఆ గాయం మానదు, కోత పైకి పాకుతుంది. ముందు దారి తెరవాలి. 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు దగ్గరికి 82 ఏళ్ల ఒక పెద్దావిడ వచ్చింది. పాదానికి కుళ్లు పట్టింది. సర్జన్లు కాలు తీయాలన్నారు, ఆమె ససేమిరా అంది. డాటర్ ఆమె తొడ ధమనిలోకి సన్నని తీగ పంపి, దాని మీదుగా ఒకదానికంటే ఒకటి లావైన గొట్టాలు జొనిపి ఇరుకును వెడల్పు చేశాడు. పాదం వెచ్చబడింది. ఆవిడ ఆ తరువాత రెండేళ్లకు పైగా బతికింది, చివరిదాకా తన కాళ్ల మీదే నడిచింది. ఈ రోజు గుండెకు వేసే బెలూన్లూ స్టెంట్లూ ఆ పాదం దగ్గర మొదలైన దారిలోనే వచ్చాయి. ఆ బెలూన్‌ను ఆండ్రియాస్ గ్రుంట్జిగ్ అనే వైద్యుడు కూడా ముందు కాలి ధమనిలోనే వాడాడు. గుండెకు వాడింది 1977లో.

రెండో దారి బైపాస్. తొడ లోపలి వైపు చర్మం కింద ఉండే పొడవాటి సిరను తీసి, అడ్డును దాటేలా ధమనికి పైనా కిందా కుడతాం. రక్తనాళాలను కారకుండా కుట్టే పద్ధతిని అలెక్సిస్ కారెల్ అనే ఫ్రెంచి సర్జన్ కనిపెట్టాడు. సన్నని సూదిని చేత్తో ఎలా ఆడించాలో ఆయన లియాన్ పట్టణంలో ఎంబ్రాయిడరీ చేసే ఒక స్త్రీ దగ్గర నేర్చుకున్నాడు. 1912లో నోబెల్ వచ్చింది. పొందూరు ఖాదీ నేసే ఇంట్లో, చేప దవడతో పత్తిని దువ్వి నూలు తీసే అవ్వ చేతులను చూసినప్పుడల్లా నాకు కారెల్ గుర్తుకొస్తాడు.

ఈ రెండింటిలో ఏది మేలో ఇప్పటికీ తేలిపోలేదు. 2022లో 1,830 మంది మీద జరిగిన బెస్ట్-సీఎల్ఐ పరిశోధనలో, మంచి సిర ఉన్నవారికి ముందుగా బైపాస్ చేస్తేనే మెరుగని తేలింది. మరుసటి ఏడాది, మోకాలి కింద ధమనులు మూసుకున్నవారి మీద ప్రధానంగా బ్రిటన్‌లో జరిగిన బేసిల్-2 పరిశోధనలో బెలూన్ వైపు మొగ్గు కనిపించింది. అందుచేత మీ మామగారిని చూసే సర్జన్‌ను “ఈయన సిర బాగుందా? అడ్డు ఎక్కడుంది?” అని అడగండి. ఆ రెండు జవాబులను బట్టే నిర్ణయం ఉంటుంది.

శుభ్రం చేసే సెలైన్ అన్నది చిలేషన్, అంటే రక్తంలోని లోహాలను పట్టి బయటికి పంపే మందును సెలైన్‌లో ఎక్కించడం. గుండెపోటు వచ్చి, షుగరు కూడా ఉన్న సుమారు వెయ్యి మందిలో సగం మందికి దీన్ని వారానికొకటి చొప్పున 40 సార్లు ఎక్కించి చూసిన పరిశోధన ఫలితాలు 2024లో వచ్చాయి. ఉత్తుత్తి సెలైన్ ఎక్కించుకున్నవారికంటే వీరికి ఏ మేలూ కలగలేదు. నల్లబడిన వేలుకు 30 సెలైన్లంటే నెలల కాలయాపన. అంత వ్యవధి ఆయన పాదానికి లేదు.

ఆసుపత్రిలో కొలెస్ట్రాల్ మాత్ర రాస్తే, ఆయనకు కొవ్వు లేదు కదా అని మాన్పించకండి. స్టాటిన్ అనే ఆ మందు ధమని గోడలోని పూతను కుదుటపరిచి గుండెపోటునూ పక్షవాతాన్నీ కూడా దూరం పెడుతుంది. దాన్ని వెతికినవాడు జపాన్ రైతుబిడ్డ అకిరా ఎండో. దాదాపు ఆరు వేల రకాల బూజులు పరీక్షించి, 1973లో క్యోటోలో ఒక ధాన్యం కొట్టు బియ్యం నుంచి తీసిన బూజులో మొదటి స్టాటిన్‌ను పట్టుకున్నాడు.

చుట్ట సంగతి కింది రెండు జవాబుల్లో ఉంది. ఆయనకు చదివి వినిపించండి.

ప్రశ్న: వయసు 32, పలాసలో జీడిపప్పు పనికి వెళ్తాను. కాలి వేలికి పుండు మానడం లేదు. బర్జర్ వ్యాధి అన్నారు. కొలెస్ట్రాల్, షుగరు అన్నీ మామూలే. రోజుకు రెండు కట్టల బీడీలు కాల్చేవాడిని, రెండు బీడీలకు తగ్గించాను. సరిపోతుందా మేడమ్? — పలాస

జవాబు: సరిపోదు బాబూ. రెండు కట్టల నుంచి రెండు బీడీలకు రావడానికి నువ్వెంత కష్టపడ్డావో నాకు తెలుసు. అంత చేయగలిగినవాడివి ఆ రెండూ కూడా మానగలవు. ఈ జబ్బుకు ఒకటి రెండు బీడీలు కూడా మేతే. ఖైనీ, గుట్కా కూడా అంతే.

1908లో న్యూయార్క్‌లో లియో బర్జర్ అనే వైద్యుడు, తీసేసిన 11 కాళ్లను కోసి పరిశీలించాడు. పెద్దవారి ధమనుల్లో కనిపించే కొవ్వు పూత వాటిలో లేదు. చిన్న ధమనులూ సిరలూ వాచి, లోపల గడ్డకట్టిన రక్తంతో మూసుకుపోయి ఉన్నాయి. నీ రక్తపరీక్షలు మామూలుగా ఉండడానికి కారణం ఇదే. పొగాకు తగిలితే కొందరి ఒంట్లో రక్షణ వ్యవస్థ తన రక్తనాళాల మీదికే ఎందుకు తిరగబడుతుందో వందేళ్లు దాటినా పూర్తిగా విడిపోని ముడి. కానీ చికిత్స విషయంలో సందేహం లేదు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ వైద్యులు 1990లో ప్రచురించిన లెక్క చూడు. పూర్తిగా మానినవారిలో నూటికి 94 మందికి వేలు గానీ కాలు గానీ తీయవలసిన పని పడలేదు. మాననివారిలో నూటికి 43 మందికి ఏదో ఒకటి తీయవలసి వచ్చింది. ఇంత తేడా చూపే మాత్ర నా దగ్గర ఏదీ లేదు.

ధమనులు మరీ చిన్నవి కాబట్టి నీ జబ్బులో బైపాస్‌కు చాలాసార్లు చోటు దొరకదు. కండరంలోకి మూలకణాలు ఎక్కించే చికిత్సకు మన దేశంలో అనుమతి ఉంది. నొప్పీ పుండూ తగ్గేందుకు అది కొందరికి పనికొస్తుంది, అయితే పొగాకు మానాకే దాని మాట. 1800 112 356 నంబరుకు ఫోను చెయ్యి, డబ్బు పడదు. పొగాకు మానడానికి సాయపడే జాతీయ కేంద్రమది. ఒకసారి జారితే మళ్లీ చెయ్యి. నీ భార్యను కూడా పక్కన కూర్చోబెట్టుకో.

ప్రశ్న: మా అమ్మమ్మ అడ్డపొగ తాగుతుంది. నిప్పు నోట్లో పెట్టుకుంటుంది కాబట్టి పొగ గుండెల్లోకి పోదనీ, కాళ్ల తిమ్మిర్లకు చుట్టకు సంబంధం లేదనీ అంటుంది. నిజమేనా? — కళింగపట్నం

జవాబు: నిజం కాదమ్మా. మీ అమ్మమ్మ మీద నాకు కోపం లేదు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండా నిప్పును నోటి లోపలికి తిప్పుకున్న తరం అది. మా పెద్దమ్మా అలాగే తాగేది. ఆ అలవాటు మీద పింబోర్గ్ అనే డెన్మార్క్ ఆచార్యుడు మన దేశపు పరిశోధకులతో కలిసి మన శ్రీకాకుళం జిల్లాలోనే 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించాడు. 1971లో అది అచ్చయింది. అడ్డపొగ తాగేవారి అంగిలి మీద తెల్లమచ్చలూ పుండ్లూ, కొందరిలో క్యాన్సరూ కనిపించాయి. అందుకని ముందు ఆవిడ నోరు తెరిపించి టార్చిలైటుతో అంగిలి చూడండి. మచ్చ గానీ పుండు గానీ ఉంటే నోటి వైద్యుడికి చూపించండి.

కాళ్ల మాటకొస్తే, నికోటిన్‌కు ఊపిరితిత్తులే అక్కరలేదు. నోటి లోపలి పలుచని చర్మం నుంచి కూడా రక్తంలో కలుస్తుంది, రక్తం కాలి వేళ్ల దాకా పోతుంది. ధమని లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారుచేసుకుని ధమనిని సడలించి ఉంచుతుంది. ఈ సంగతి తేల్చినవారికి 1998లో నోబెల్ ఇచ్చారు. పొగాకు దెబ్బతీసేది ఆ పొరనే. అయితే తిమ్మిరి అన్నారు కాబట్టి షుగరు కూడా చూపించండి. తిమ్మిరి నాడిది కావచ్చు.

ప్రశ్న: 22 ఏళ్లుగా టీచరును. పిక్కల మీద నీలం రంగు నరాలు మెలికలు తిరిగి ఉబ్బాయి. ఇవి మూసుకుపోతే కాలు తీసేస్తారా? సాక్సు వేసుకోవచ్చా? — బొబ్బిలి

జవాబు: టీచరు గారూ, నిశ్చింతగా ఉండండి. మీవి సిరలు. వీటి వల్ల కాలు తీయవలసి రాదు. సిరల్లో రక్తం కింది నుంచి పైకి ఎక్కాలి. మధ్యలో జారిపోకుండా చిన్న కవాటాలుంటాయి. గంటల తరబడి బోర్డు ముందు నిలబడితే, వంశంలో కూడా ఉంటే, అవి సరిగా మూసుకోవు. రక్తం కిందే నిలిచి సిరలు ఉబ్బుతాయి. సాయంత్రానికి వాపూ బరువూ ఉంటాయి, కాలు ఎత్తి పడుకుంటే హాయిగా ఉంటుంది. మొదటి ఉత్తరంలోని పెద్దాయనకు సరిగ్గా తలకిందులు, గమనించారా?

బిగుతు మేజోళ్లు మంచివే. పొద్దున్నే మంచం దిగకముందే వేసుకోండి. కానీ కొనేముందు ఒకసారి పాదంలో ధమని కొట్టుకుంటోందని చూపించుకోండి. ధమని జబ్బు ఉన్న కాలికి ఆ బిగుతు ప్రమాదం. చీలమండ దగ్గర చర్మం నల్లబడినా, పుండు పడినా, లేజర్‌తో సిరను మూసే చికిత్స ఉంది.

ప్రశ్న: మాది ఉద్దానం. క్రియాటినిన్ 2.8. కాలి ధమనికి యాంజియోగ్రామ్ తీయాలంటున్నారు. రంగు మందు కిడ్నీని పాడుచేస్తుందని భయం. నొప్పికి దుకాణంలో మాత్రలు కొని వేసుకుంటున్నాను. — కవిటి

జవాబు: క్రియాటినిన్ 2.8 అంటే కిడ్నీ ఇప్పటికే దెబ్బతిన్నట్లు. మీ భయం సరైనదే, కానీ ఆ మాత్రలు ఈ రోజే ఆపండి. దుకాణంలో దొరికే చాలా నొప్పి మాత్రలు ఉన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు మూలకారణం ఇంకా తేలలేదు. అలాంటి చోట తెలిసిన విషాన్ని మనమే కొని వేసుకోకూడదు. రంగు మందు అవసరం లేని డాప్లర్ స్కాన్‌తో మొదలుపెట్టమనండి. తప్పనిసరైతే తక్కువ మందుతో, లేదా కొన్నిచోట్ల అయోడిన్ మందుకు బదులు కార్బన్ డయాక్సైడ్ వాయువుతో కాలి బొమ్మ తీస్తారు. కిడ్నీ వైద్యుడూ రక్తనాళాల సర్జనూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలని పట్టుబట్టండి.

ప్రశ్న: మా అమ్మకు చిన్నప్పటి కీళ్లజ్వరం వల్ల గుండె కవాటం పాడైంది. గుండె దడ ఉండేది. పోయిన మాఘంలో ఒక రాత్రి పదింటికి ఎడమ కాలు ఒక్కసారిగా భరించలేని నొప్పి, తెల్లబడి చల్లబడిపోయింది. నరం పట్టిందనుకుని నూనె రాసి, పొద్దున మొదటి బస్సుకు తీసుకెళ్లాం. ఆలస్యమైందన్నారు. కాలు తీసేశారు. మేము ఆ రాత్రే వెళ్తే కాలు దక్కేదా? నాకు నిద్ర పట్టడం లేదు. — గజపతినగరం

జవాబు: అమ్మా, నువ్వు నిజం అడిగావు కాబట్టి నిజమే చెబుతాను. దక్కే అవకాశం ఎక్కువగానే ఉండేది. అలాగని తప్పు నీది కాదు. నూనె రాసిన చేతులు ప్రేమతోనే రాశాయి. ఇది ధమనిలో అడ్డుపడిన గడ్డ అని మీకు ఎవరూ ముందుగా చెప్పలేదు. కవాటం పాడై, గుండె లయ తప్పి కొట్టుకునేవారికి ఇలా జరగవచ్చని, కాలు చల్లబడితే పరుగెత్తి రావాలని చెప్పవలసింది వైద్యులం.

గుండె గదిలో నిలిచిన రక్తం గడ్డకట్టి, ఆ ముక్క ఊడి కొట్టుకుపోయి కాలి ధమనిలో ఇరుక్కుంటుంది. కండరం రక్తం లేకుండా సుమారు ఆరు గంటలు ఓర్చుకుంటుంది. ఆ లోపు వస్తే చేసే ఆపరేషన్ పెద్దది కాదు. గజ్జ దగ్గర చిన్న కోత పెట్టి, కొసన బుడగ ఉన్న సన్నని గొట్టాన్ని గడ్డను దాటించి, బుడగ ఉబ్బించి వెనక్కి లాగుతాం. గడ్డ దానితో పాటు వచ్చేస్తుంది. థామస్ ఫోగర్టీ అనే అమెరికా సర్జన్ ఆ గొట్టాన్ని వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడే ఊహించాడు. సర్జను తొడుక్కునే చేతితొడుగు వేలిని కత్తిరించి, గాలానికి ఎర కట్టే ముడితో గొట్టం కొసకు కట్టాడు. 1963లో అది వైద్యలోకానికి తెలిసింది. అంతకుముందు ఇలాంటి రోగుల్లో కాళ్లు పోవడమే కాక, చాలామంది ప్రాణాలే పోయేవి.

ఇప్పుడు అమ్మ రెండో కాలిని కాపాడుకోవాలి. అదే గుండె, అదే కవాటం ఉన్నాయి. గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర రాసే ఉంటారు. ఒక్క పూట కూడా తప్పనివ్వకు. ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష చెప్పిన గడువుకు చేయించు. ఆమెలాంటి కవాట జబ్బులో అది సాధారణంగా 2కూ 3కూ మధ్య ఉండాలి. తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. ఆకుకూరలు మానిపించనక్కరలేదు, రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో పెట్టు. వేరే ఏ మందు ఇచ్చినా ముందు ఈ మాత్ర పేరు చెప్పు. కవాటానికి బెలూన్ గానీ ఆపరేషన్ గానీ పనికొస్తుందేమో గుండె వైద్యుడిని అడుగు.

మళ్లీ ఎప్పుడైనా చెయ్యి గానీ కాలు గానీ అలా చల్లబడితే, రాత్రి ఎన్ని గంటలైనా సరే, 108కి ఫోను చేసి “కాలు ఒక్కసారిగా చల్లబడింది, పాదంలో ధమని కొట్టుకోవడం లేదు, వార్ఫరిన్ మీద ఉంది” అని ఈ మూడు మాటలూ చెప్పు. కాలు మొదట నొప్పి పెట్టిన సమయం కాగితం మీద రాసి ఆమె చేతిలో పెట్టు. ఆసుపత్రిలో మేము మొదట అడిగేది అదే.